రెండు వ్యాధులు, ఒకే దేహం

మన ఆయుర్వేద గ్రంథాలు క్షయను రాజయక్ష్మ అన్నాయి. దక్షుడి కుమార్తెలు ఇరవై ఎనిమిదిమందినీ పెళ్లాడి, రోహిణి ఒక్కతెపైనే మనసు నిలిపి, మామగారి ఆగ్రహానికి గురైన చంద్రుడికి ఈ వ్యాధి మొదట సోకిందన్నది చరకుడు చెప్పిన కథ. చంద్రుడు నక్షత్రాలకు రాజు కనుక అది రాజయక్ష్మ అయింది. రోగాలకు రాజు కనుక ఆ పేరు వచ్చిందని మరికొందరంటారు. వాగ్భటుడు దీనికి ఇంకొక మాట చేర్చాడు. ఈ వ్యాధికి ముందు అనేక రోగాలు నడుస్తాయట, వెనుక అనేక రోగాలు అనుసరిస్తాయట. రాజు పరివారం లేకుండా కదలడు కదా.

గత నాలుగు దశాబ్దాల్లో ఈ రాజుకు ముందు నడిచిన భటుడు హెచ్ఐవీ. ఆ రెండూ ఒకే శరీరంలో కలిసినప్పుడు వైద్యశాస్త్రం ఏం చేసిందన్నది పెద్ద చరిత్ర. అందులోంచి ఒక్క ప్రశ్ననే తీసుకుంటున్నాను. ఒక మనిషికి రెండు వ్యాధులూ ఉన్నాయని తేలింది. క్షయకు మందులు మొదలుపెట్టాం. హెచ్ఐవీ మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి? వెంటనేనా, కొన్ని వారాలు ఆగా, లేక ఆరు నెలల క్షయ చికిత్స పూర్తయ్యాకనా? వైద్యులు తమలో తాము తేల్చుకోదగిన చిన్న సాంకేతిక విషయంలా కనిపిస్తుంది. కానీ హెచ్ఐవీని అదుపు చేయగల మూడు మందుల చికిత్స 1996లో వచ్చింది, ఈ ప్రశ్నకు గట్టి సమాధానం 2011లో వచ్చింది. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి.

ఆ ఆలస్యం ఎందుకు అంత ఖరీదైనదో తెలియాలంటే ముందు ఈ రెండు వ్యాధుల పొత్తు తెలియాలి. క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లో ప్రవేశించిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. రక్షక కణాలు దాని చుట్టూ కోటగోడలా చేరి బంధిస్తాయి. క్రిమి చావదు, నిద్రాణంగా పడి ఉంటుంది. అలాంటి వారిలో జీవితకాలం మొత్తం మీద నూటికి అయిదు నుంచి పదిమందికి మాత్రమే వ్యాధి బయటపడుతుంది. ఆ గోడకు కాపలా కాసే సేనకు నాయకత్వం వహించేవి సీడీ4 కణాలు. హెచ్ఐవీ ఏరి కోరి ధ్వంసం చేసేది వాటినే.

1989లో పీటర్ సెల్విన్, ఆయన సహచరులు న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం నుంచి ఒక పరిశోధనను ప్రచురించారు. మత్తుమందుల అలవాటుకు చికిత్స పొందుతున్నవారిని రెండేళ్లు గమనించగా, హెచ్ఐవీ ఉండి, లోపల క్షయ క్రిమి నిద్రాణంగా ఉన్నవారిలో ఏడాదికి నూటికి దాదాపు ఎనిమిదిమందికి క్షయ బయటపడింది. ఇతరులు బతుకంతా మోసే ముప్పును వీరు ఒక్క ఏడాదిలో మోస్తున్నారన్నమాట.

అదే 1989లో సూసన్ సాంటాగ్ ఎయిడ్స్ చుట్టూ అల్లుకున్న రూపకాల మీద పుస్తకం తెచ్చింది. క్షయనూ క్యాన్సర్‌నూ పక్కపక్కన పెట్టి రాసిన ఆమె పుస్తకం అంతకు పదకొండేళ్ల ముందే, 1978లో వచ్చింది. సాహిత్యాభిమానులకు ఈ రెండూ బాగా తెలిసినవే. వ్యాధికి సమాజం తొడిగే అర్థాలను ఆమె విడదీసి చూపిన తీరు నేటికీ చదవదగినది. అయితే ఆమె దృష్టి రూపకాల మీద. ఆ రెండు వ్యాధులు ఒకే మంచం మీద పడుకోవడం ఆమె విషయం కాదు. పుస్తకాలలో వేరువేరు అట్టల మధ్య ఉండటం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆసుపత్రుల్లోనూ అవి అలాగే వేరుగా ఉండిపోవడం వల్ల నష్టం జరిగింది.

క్షయ నివారణ వ్యవస్థ పాతది. కఫం పరీక్ష, చికిత్స కార్డు, కార్యకర్త కళ్లెదుట మాత్రలు మింగించడం, ఎందరికి నయమైందో మూడు నెలలకోసారి లెక్కచెప్పడం దాని పద్ధతి. హెచ్ఐవీ వ్యవస్థ కొత్తది. వివక్షకు జడిసి గోప్యత చుట్టూ కట్టుకున్నది. అనుమతి, ముందస్తు సలహా, రహస్యంగా ఉంచిన ఫలితం దాని పద్ధతి. ఒకదానికి బహిరంగత బలం, మరొకదానికి రహస్యం బలం. రెండింటికీ వేరు నిధులు, వేరు అధికారులు, వేరు రిజిస్టర్లు. రోగి మాత్రం ఒక్కడే. ఈ రెండు వ్యవస్థలు కలిసి ఏమేం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక తాత్కాలిక విధానంగా చెప్పింది 2004లో.

మందుల ధర మరో గోడ. 1990ల చివర మూడు మందుల చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యేది. 2001 ఫిబ్రవరిలో భారతీయ సంస్థ సిప్లా దాన్ని సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకు, అంటే రోజుకు డాలరు లోపే, ఇస్తానంది. భారతదేశంలో మొదటి హెచ్ఐవీ కేసులను 1986లో చెన్నైలో సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని నిర్మల గుర్తించారు. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలకు మొదటి ప్రాధాన్యం, వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మందులు చేతికి వచ్చాక అసలు ప్రశ్న ఎదురైంది. ఆగమని చెప్పిన వైద్యులు మూర్ఖులు కారు, వారికి మూడు బలమైన కారణాలున్నాయి. మొదటిది, క్షయ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి అనేక హెచ్ఐవీ మందులను రక్తంలోంచి త్వరగా తుడిచిపెడుతుంది. రెండవది, రోజూ గుప్పెడు మాత్రలు. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కామెర్లు వచ్చినా ఏ మందు వల్లనో చెప్పలేం. మూడవది అన్నిటికన్నా విచిత్రం. హెచ్ఐవీ మందులతో రక్షకసేన తిరిగి లేస్తుంది. లేచీలేవగానే దాగిన క్షయ క్రిముల మీద విరుచుకుపడుతుంది. ఆ పోరులో గ్రంథులు వాచి, జ్వరం పెరిగి, ఊపిరి అందక, కోలుకోవలసిన రోగి మరింత కుంగుతాడు. వైద్యం ఫలిస్తున్నందువల్లే వచ్చే ఈ ప్రమాదాన్ని చూసిన వైద్యుడు ఇంకొన్నాళ్లు ఆగుదామనుకోవడం సహజం.

సమాధానం వెతికే బాధ్యత దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం మీద పడింది. క్వాజులూ నటాల్ రాష్ట్రానికి తెలుగువారు కొత్తకాదు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడతో మొదలైన వలసల్లో చెరుకుతోటల కూలీలుగా మనవాళ్లెందరో ఆ తీరం చేరారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. శతాబ్దం మారేనాటికి ప్రపంచంలో హెచ్ఐవీ అత్యంత తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో అది ఒకటి. అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకీ, ఎయిడ్స్‌కు హెచ్ఐవీ కారణమా అని సందేహించాడు. ప్రభుత్వ చికిత్స అందుకు తగినట్టే జాప్యమైంది. 2000 నుంచి 2005 వరకు ఆ జాప్యం వల్ల మూడు లక్షల ముప్పై వేల ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత అంచనా వేశారు.

ఆ రాష్ట్రంలోనే తుగేలా ఫెర్రీ అనే మారుమూల ఊరి ఆసుపత్రి నుంచి 2006లో వచ్చిన వార్త ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ అక్కడ 53 మందిలో కనిపించింది. వారిలో 52 మంది మరణించారు. కఫం సేకరించిన రోజు నుంచి సగంమంది బతికింది పదహారు రోజులే. హెచ్ఐవీ పరీక్ష చేసిన ప్రతి ఒక్కరికీ అది ఉందని తేలింది. రెండు వ్యాధుల మధ్య గోడ కట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో తుగేలా ఫెర్రీ చూపించింది.

డర్బన్‌లో సలీం అబ్దుల్ కరీం నాయకత్వాన ఒక ప్రయోగం 2005లో మొదలైంది. నగరంలో క్షయ రోగులు వచ్చే పెద్ద ప్రభుత్వ కేంద్రాన్ని ఆనుకునే హెచ్ఐవీ చికిత్సాలయాన్ని పెట్టారు. రెండు వ్యాధులూ ఉన్న 642 మందిని చీటీలు వేసినట్టు గుంపులుగా విడదీశారు. కొందరికి క్షయ చికిత్స నడుస్తుండగానే హెచ్ఐవీ మందులు, కొందరికి అది ముగిశాక. 2008 సెప్టెంబరులో ప్రయోగాన్ని పర్యవేక్షించే స్వతంత్ర సంఘం అప్పటివరకు వచ్చిన లెక్కలు చూసి, ఆగి ఇచ్చే పద్ధతిని తక్షణం మానేయమంది. కలిపి ఇచ్చినవారిలో మరణాలు 56 శాతం తక్కువ.

ఈ అంకె చదివినప్పుడల్లా ఆగి ఆలోచిస్తాను. ఆగిన గుంపులో చనిపోయినవారు నిర్లక్ష్యానికి బలైనవారు కారు. ఆనాడు ప్రపంచమంతటా వైద్యులు మంచి ఉద్దేశంతో పాటిస్తున్న జాగ్రత్తే వారికీ దొరికింది. ప్రయోగం జరగకపోయి ఉంటే ఆ జాగ్రత్త ఇంకెన్నేళ్లు సాగేదో, ఇంకెందరు లెక్కకు రాకుండా పోయేవారో. జాగ్రత్త కూడా కొలిచి చూడవలసిన చికిత్సే అని చెప్పింది ఆ మరణాల పట్టిక.

కలిపి ఇవ్వాలని తేలింది. ఎంత త్వరగా అన్నది మిగిలింది. కంబోడియాలో అయిదు ఆసుపత్రులలో 661 మందితో జరిగిన ప్రయోగం దీన్ని చేపట్టింది. రోగులు ఎంత చివరిదశలో వచ్చారంటే, సగంమందికి సీడీ4 లెక్క 25కు మించలేదు. ఆరోగ్యవంతుల్లో అది వందల్లో ఉంటుంది. రెండు వారాలకే మందులు మొదలుపెట్టిన 332 మందిలో 59 మంది, ఎనిమిది వారాలు ఆగిన 329 మందిలో 90 మంది చనిపోయారు. వైద్యులు భయపడిన ఆ రక్షకసేన విజృంభణ త్వరగా మొదలుపెట్టినవారిలో రెండున్నర రెట్లు ఎక్కువగా వచ్చిన మాట నిజమే. అయినా బతికి బయటపడినవారే ఎక్కువ. ఈ ఫలితం, డర్బన్ ప్రయోగపు రెండవ భాగం, పలు దేశాల్లో జరిగిన మరో ప్రయోగం ఒకే వైద్యపత్రిక ఒకే సంచికలో 2011 అక్టోబరులో వచ్చాయి. సీడీ4 కణాలు 50 కంటే తగ్గినవారికి ఆలస్యం ప్రాణాంతకమని మూడూ కలిసి చెప్పాయి.

అయితే వైద్యంలో ఏ సూత్రమూ అన్ని తలుపులకూ తాళంచెవి కాదు. అదే ఏడాది వియత్నాంలో మెదడు పొరలకు క్షయ సోకిన 253 మందిపై జరిగిన అధ్యయనంలో, వెంటనే హెచ్ఐవీ మందులిచ్చినా మరణాలు తగ్గలేదు, తీవ్రమైన దుష్ఫలితాలు పెరిగాయి. పుర్రె లోపల వాపుకు చోటు లేదు. అందుకే సీడీ4 లెక్కతో పనిలేకుండా రెండు వారాల్లోపే మొదలుపెట్టమని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినప్పుడు కూడా మెదడు పొరల క్షయను మినహాయించింది.

మన దేశం వంతు వేరే ప్రశ్న: ఎప్పుడు కాదు, వారానికి ఎన్నిసార్లు? దీనికి చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థ తగిన చోటు. శానిటోరియం అంటే ఒకప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తొచ్చే తెలుగువారికి ఆ సంస్థ చేసిన మేలు చెప్పుకోదగినది. 1959లో అక్కడి పరిశోధకులు 193 మంది రోగులను సగం ఇళ్లలో, సగం శానిటోరియంలో ఉంచి ఒకే మందులిచ్చి, ఇంటి దగ్గరా అంత బాగానే నయమవుతుందని నిరూపించారు. క్షయకు కొండగాలి, మేడలు అవసరం లేదని ప్రపంచానికి చెప్పింది ఆ అధ్యయనమే. పర్యవేక్షణ సులువని తర్వాతి కాలంలో దేశంలో మందులు వారానికి మూడుసార్లే ఇచ్చేవారు. హెచ్ఐవీ కూడా ఉన్నవారికి అది చాలుతుందా? అదే సంస్థ 331 మందితో చేసిన ప్రయోగం రోజూ ఇవ్వడమే మేలని, రిఫాంపిసిన్‌కు లొంగని క్రిములు తలెత్తడం కూడా అందులో తక్కువని తేల్చింది. ఫలితాలు 2018లో వెలువడేసరికి ప్రభుత్వ కార్యక్రమం రోజువారీ పద్ధతికి మారింది. సౌలభ్యం కోసం పెట్టుకున్న నియమం బలహీనుల దగ్గర మొదట విఫలమవుతుంది.

ఇప్పుడు మందులు మెరుగయ్యాయి. డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇస్తే రిఫాంపిసిన్ ప్రభావాన్ని తట్టుకుంటుంది. నిద్రాణ క్షయ లేవకుండా తొమ్మిది నెలలు వాడే మాత్రలకు బదులు రెండు మందులు ఒక్క నెల వాడినా అంతే ఫలితమని 2019లో తెలిసింది. తీవ్ర అనారోగ్యంతో చేరినవారికి మంచం పక్కనే చేయగల మూత్రపరీక్ష ఉంది. నేను పనిచేసే బ్రిటన్‌లో క్షయ అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్ఐవీ పరీక్ష చేయిద్దామంటాం. దీనికి ఎవరూ ఆశ్చర్యపోరు.

అయినా కనిపెట్టడమే కష్టం. హెచ్ఐవీతో చనిపోయినవారి శవపరీక్షలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, దాదాపు నూటికి నలభైమందిలో క్షయ ఉంది. వారిలో ఇంచుమించు సగంమందికి అది బతికుండగా ఎవరికీ తెలియలేదు. రక్షకసేన బలంగా లేనప్పుడు ఊపిరితిత్తుల్లో గుహలు పడవు, ఎక్స్‌రే శుభ్రంగా కనిపించవచ్చు, కఫంలో క్రిములు దొరకకపోవచ్చు. రాజు మారువేషంలో వస్తాడు.

2023లో హెచ్ఐవీ ఉన్నవారిలో క్షయ వల్ల లక్షా అరవై ఒక్క వేలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదిహేనేళ్ల క్రితంతో పోలిస్తే ఎంతో తక్కువ. కానీ 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని హఠాత్తుగా ఆపినప్పుడు ఆఫ్రికాలో మొదట కుంటుపడినవి ఇలాంటి ఉమ్మడి చికిత్సాలయాలే, వాటిలో పనిచేసే కార్యకర్తలే. డర్బన్‌లో రెండు తలుపులను ఒకటి చేయడానికి ప్రయోగం, పట్టుదల, ఎందరివో ప్రాణాలు కావలసి వచ్చాయి. తిరిగి రెండు చేయడానికి జీతాలు ఆగితే చాలు. మందులిప్పుడు చవక, సమాధానం అచ్చులో ఉంది. రోగి మొదటి తలుపు దగ్గర మందులు తీసుకుని, రెండో తలుపు ఎక్కడుందో వెతుక్కునే వారాల్లో ఏం జరుగుతుందో కూడా అదే పట్టికలో రాసి ఉంది.