గడప కింద రాజు

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తున్నారు, నువ్వు వేరే ఏదైనా రాయరా" అన్నాడు. అందుకే ఈమధ్య నేను చూసొచ్చిన ఒక రాజు సమాధి గురించి రాస్తున్నాను. చివరికి ఇదీ బడి దగ్గరికే వస్తుంది.

మా అమ్మాయి జార్జియా దేశంలో, కుతైసి అనే ఊళ్లో మెడిసిన్ చదువుతోంది. ఆ దేశంలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. పోయినేడు చూడ్డానికి వెళితే, ఊరి పక్క కొండ మీదున్న గెలాతి మఠానికి తీసుకెళ్లింది. దక్షిణ ద్వారంలో, నడిచే దారిలోనే పెద్ద రాతిపలక పరిచి ఉంది. అడుగు వేయబోతుంటే "నాన్నా, అది రాజుగారి సమాధి" అంది. వేయబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను. గడప తొక్కినందుకు అమ్మమ్మ చేత తిట్లు తిన్నవాణ్ణి, గడప కింద మనిషే ఉంటే ఎలా తొక్కుతాను?

ఆయన నాలుగో డేవిడ్ (1073–1125). జార్జియన్లు 'అఘ్మషెనెబెలి' అంటారు, అంటే నిర్మాత. లోపలికి వచ్చే ప్రతివాడూ తన మీదుగా నడిచి రావాలని ఆయనే కోరుకున్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

తండ్రి రెండో జార్జి కాలంలో సెల్జుక్ తురుష్కుల దాడులతో దేశం చితికిపోయింది. పల్లెలు ఖాళీ అయ్యాయి, పొలాలు బీడుపడ్డాయి, సుల్తానుకి కప్పం కట్టాల్సి వచ్చింది. 1089లో తండ్రి బతికుండగానే కిరీటం కొడుక్కి వచ్చింది. అప్పటికి డేవిడ్ వయసు 16, మన ఇంటర్ పిల్లాడి వయసు.

కుర్రవాడు తొందరపడలేదు. అడవులు, కొండలు పట్టిపోయిన జనాన్ని మళ్లీ ఊళ్లకి తెచ్చాడు. తిరగబడే సామంతుల్ని ఒక్కొక్కరినే అణిచాడు. బలం కూడాక కప్పం ఆపేశాడు. సైన్యం చాలకపోతే, కాకసస్ పర్వతాల అవతల మైదానాల్లో ఉండే కిప్చాక్‌లనే గుర్రపురౌతుల జాతిని, 40,000 కుటుంబాలని, తన దేశంలోకి రప్పించి భూములిచ్చాడు. 1121 ఆగస్టు 12న దిద్గోరి దగ్గర తనకంటే పెద్ద సేనని ఓడించాడు. మర్నాటి ఏడాది తిబిలిసిని గెలిచాడు. నాలుగు వందల ఏళ్లుగా ముస్లిం పాలనలో ఉన్న నగరమది. గెలిచిన తర్వాత అక్కడి ముస్లింల పేటలో పందుల్ని కోయకూడదని ఆజ్ఞ ఇచ్చాడని ఆ కాలపు ముస్లిం చరిత్రకారులే రాశారు.

ఆయన కుటుంబం కూడా రాజ్యం పనిలో భాగమే. మొదటి భార్య రుసుదాన్. తర్వాత కిప్చాక్ నాయకుడి కూతురు గురందుఖ్త్‌ని చేసుకున్నాడు. ఆ వియ్యమే తర్వాత సైన్యమైంది. కూతుళ్లలో తమార్‌ని తూర్పున షిర్వాన్ పాలకుడికి, కతాని పడమట బైజాంటిన్ రాజవంశానికి ఇచ్చాడు. ఒక్క కూతుర్ని చదువుకోసం దూరం పంపి, రాత్రి ఫోన్ రాకపోతే నిద్రపట్టని నాకు, ఈ వాక్యం చదివిన దగ్గర కాసేపు ఆగాలనిపించింది.

ఆయన కట్టినవాటిలో ముఖ్యమైనది గెలాతి. 1106లో మొదలైంది. అది మఠమే కాదు, విద్యాపీఠం కూడా. తత్త్వం, వేదాంతం బోధించడానికి ఇయోవానె పెత్రిత్సి వంటి పండితులు వచ్చారు. అయితే పెద్ద గుడి పూర్తయింది 1130లో, డేవిడ్ పోయిన ఐదేళ్లకి. నిర్మాత అని పేరున్నవాడు తన పెద్ద పని పూర్తికావడం చూడలేదు. నా వయసు కూడా రాకముందే పోయాడు. పూర్తిచేసింది కొడుకు దెమెత్రె. తన తండ్రిలాగే, తాను బతికుండగానే వారసుణ్ణి నిలబెట్టి వెళ్లాడు డేవిడ్. ఆ ద్వారం దగ్గర ఇప్పటికీ ఒక ఇనుప తలుపు రెక్క ఉంది. 1139లో గాంజా నగరం భూకంపానికి కూలినప్పుడు దెమెత్రె అక్కణ్ణుంచి తెచ్చిన కోట తలుపు అది.

తర్వాతి తరాలు అంత సాఫీగా నడవలేదు. దెమెత్రెని సొంత పెద్దకొడుకే గద్దె దించాడు. చిన్న కొడుకు మూడో జార్జి రాజయ్యాక, అన్న కొడుకు తిరగబడితే కళ్లు తీయించాడు. ఆ జార్జి కూతురే తమార్ (1184–1213), తండ్రి మేనత్త పేరే ఉన్న డేవిడ్ మునిమనవరాలు. జార్జియా స్వర్ణయుగమంటే ఆమె కాలమే. మన రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అనిపించుకున్నట్టే, ఆమెనీ 'మెపె', అంటే రాజు అనే పిలిచారు. పై తరం దారి ఇచ్చినప్పుడు ఆ వంశం పెరిగింది, గద్దెని పట్టుకు కూర్చున్నప్పుడు ఇంట్లోనే రక్తం కారింది. నాకర్థమైనంతలో వాళ్ల కథ ఇదే.

ఇక మన బడి. ఈ ఉత్సవానికి రెండు కొత్త తరగతి గదులు కట్టిస్తున్నాం కదా. ఫలకం మీద ఎవరి పేరు పైనుండాలి, ఎవరిది కిందుండాలి అని మన వాట్సాప్ గ్రూపులో వారం రోజులు చర్చ జరిగింది. దాయడం ఎందుకు, నేనూ గట్టిగానే వాదించాను. ముప్ఫై ఏళ్లుగా కాలువలు, వంతెనలు కడుతున్నవాణ్ణి. ప్రతి వంతెనకీ కంటికెదురుగా శిలాఫలకాలు చూశాను. కాళ్ల కింద పేరు పెట్టించుకున్నవాణ్ణి మాత్రం గెలాతిలోనే చూశాను.

ఆ రోజు రాయి తొక్కలేక పక్కనుంచే లోపలికి వెళ్లాను. తిరిగొచ్చాక కార్యదర్శికి ఒక మాట చెప్పాను, ఇక్కడ అందరికీ చెబుతున్నాను. ఫలకం మీంచి నా పేరు తీసేయండి. ఆ గదుల గడప రాళ్లు మాత్రం నేనే దగ్గరుండి, మట్టం చూసి వేయిస్తాను. పిల్లలు తొక్కుకుంటూ లోపలికి వెళితే చాలు.