మూలం వేరు, దిద్దుబాటు వేరు

నా కంప్యూటరులో డెబియన్ లినక్సు ఉన్నది. పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి పెట్టి వెళ్ళాడు. ఒకనాడు ఏదో సాఫ్టువేరు వివరాలు చూస్తుండగా ‘మెయింటెయినర్’ అన్న వరుస, దాని కెదురుగా ఒక మనిషి పేరు కనిపించాయి. అది ఆ సాఫ్టువేరును రాసినవారి పేరు కాదు. మరి ఈయన ఎవరని మావాణ్ణి అడిగాను. “మాస్టారూ, ఎవరో రాసినదాన్ని మన చేతికి అందేలా ప్యాకేజీగా కట్టి, ఆపైన దాని బాగోగులు చూసుకునే మనిషండీ” అన్నాడు. అంటే లేఖకుడూ పరిష్కర్తా కలిసిన మనిషన్నమాట, అనుకున్నాను. ఆ కుతూహలంతో చదివి తెలుసుకున్నదాని సారమే ఈ టపా.

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలు ఎలా బ్రతికాయో మిత్రులకు తెలియనిది కాదు. కవి ఒకసారి రాశాడు. ఆ తరువాత వందల ఏండ్లు ఆ గ్రంథాన్ని మోసినవారు తాటాకు మీద గంటంతో ప్రతులు రాసిన లేఖకులు. వారి పేర్లు చాలామటుకు మనకు తెలియవు. తెలిసీ తెలియక వారు దిద్దిన చోట్ల మాత్రం పాఠాంతరాలు మిగిలాయి. ఆ చిక్కు విడదీయడానికే సి.పి. బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు రాయించాడు.

సాఫ్టువేరులోనూ ఇటువంటి అవసరమే ఏర్పడింది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు కెర్నెల్‌ను వెలువరించాడు. కెర్నెల్ ఒక్కటే ఉంటే కంప్యూటరు నడవదు. దాని చుట్టూ వందలాది ఉపకరణాలు కావాలి. అవి తలొక దేశంలో, తలొక పద్ధతిలో రాసినవి. వాటిని ఒకచోట కూర్చి, ఒకదానితో ఒకటి పొసగేలా చేసి ఇచ్చేదే ‘పంపిణీ’. తొలినాటి పంపిణీలలోని తప్పులతడకలు చూసి విసిగిన ఇయన్ మర్డాక్ అనే పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి, 1993 ఆగస్టు 16న కొత్తదాన్ని ప్రకటించాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరు, తన పేరు కలిపి దానికి ‘డెబియన్’ అని నామకరణం చేశాడు. సంధికార్యం మనవారికి నచ్చేదే!

అతని ఆలోచనలో కొత్తదనమేమంటే, భారమంతా ఒక్కడే మోయకుండా ఒక్కొక్క ప్యాకేజీని ఒక్కొక్కరు పూచీపడి చూసుకోవడం. జీతం లేదు. పూచీ మాత్రం పేరు పెట్టి ఉన్నది. 1995 చివర ఒక సీడీ వ్యాపారి, ఇంకా పూర్తికాని చిత్తుప్రతిని ‘1.0’ అని ముద్రవేసి అమ్మేశాడు. ఆ గందరగోళం వలన డెబియన్‌వారు ఆ సంఖ్యనే వదిలివేసి, 1996 జూన్‌లో 1.1గా విడుదల చేయవలసివచ్చింది. అప్పుడు అందులో 474 ప్యాకేజీలు. 2025 ఆగస్టులో వెలువడిన 13వ విడుదలలో వాటి సంఖ్య సుమారు 70 వేలు. 1997 జూలైలో వారు ‘సామాజిక ఒప్పందం’ అనే పత్రాన్ని ఆమోదించుకున్నారు. ఈ పంపిణీ స్వేచ్ఛగానే ఉంటుందనీ, లోపాలను దాచిపెట్టబోమనీ అందులో మాట ఇచ్చారు.

ఇక ప్యాకేజీ కట్టడం ఎలాగో చూద్దాం. అసలు రచయితలను వీరు ‘ఎగువవారు’ అనే అర్థంలో వ్యవహరిస్తారు. నీరు పైనుంచి వస్తుంది, మనం దిగువన ఉన్నాం అని భావం. ఎగువనుంచి వచ్చిన మూలాన్ని ఒక కట్టగా ఉన్నదున్నట్లు ఉంచుతారు. తాము చేసిన మార్పులను మరొక కట్టలో విడిగా పెడతారు. ఏ తేదీన, ఎవరు, ఎందుకు మార్చారో ఒక చిట్టాలో రాస్తారు. ఈ ప్యాకేజీ పనిచేయడానికి ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలో మరొకచోట రాస్తారు. అది చదివే ‘ఆప్ట్’ అనే ఉపకరణం కావలసినవన్నీ తానే తెచ్చి పెడుతుంది. నిర్వహించేవారు తప్పుకుంటే ఆ ప్యాకేజీని ‘అనాథ’ అంటారు. ఇంకొకరు ముందుకు వస్తే అది ‘దత్తత’.

మూలం వేరు, దిద్దుబాటు వేరు. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. కారణం చెప్పుకోవాలి.

విద్వాన్ పరీక్షకు చదువుకునే రోజుల్లో మా ఊరి పాత కైఫీయతు ఒకటి నా చేతికి వచ్చింది. చివికిన కాగితాలు. శుద్ధప్రతి రాసి ఇమ్మని పెద్దలు అడిగారు. అందులో ఒకచోట ‘అరిగాపులు’ అని ఉన్నది. నాకు అర్థం కాలేదు. లేఖకుడి పొరపాటని తీర్మానించి, ‘ఆరు కాపులు’ అని దిద్దాను. నాలుగైదేండ్ల తరువాత నిఘంటువు తిరగవేస్తుంటే తెలిసింది, అరి అంటే పన్ను, అరిగాపు అంటే పన్ను చెల్లించే రైతు అని. పరుగున వెళ్ళి అడిగితే అసలు కాగితాలు చెదలు తినేశాయన్నారు. మా ఊరిలో పన్ను కట్టే రైతులందరూ నా చేతిలో ఆరుగురైపోయారు! ఇంకెన్ని చోట్ల అలా దిద్దానో నాకే గుర్తులేదు. చిట్టా రాసుకోలేదు మరి.

డెబియన్‌లోనూ ఇటువంటిదే జరిగింది. ఓపెన్ ఎస్సెస్సెల్ అనేది రహస్య సంకేతాల తాళాలు తయారుచేసే సాఫ్టువేరు. 2006లో దాన్ని పరీక్షిస్తుండగా, విలువ ఇవ్వని జ్ఞాపకస్థానాన్ని వాడుతున్నారని ఒక పరీక్షోపకరణం ఫిర్యాదు చేసింది. ఎగువవారి చర్చావేదికలో అడిగి, అభ్యంతరం లేదన్నట్లు సమాధానం వచ్చాక, డెబియన్‌లో రెండు పంక్తులను పక్కనపెట్టారు. చూడటానికి అవి లేఖకదోషంలాగే ఉన్నాయి. అందులో ఒకటి మాత్రం తాళాలకు కావలసిన యాదృచ్ఛికతను కలిపే పంక్తి. అది పోగానే మిగిలిన వైవిధ్యం ఒక్క ప్రాసెస్ సంఖ్య మాత్రమే. ఒక్కొక్క రకం యంత్రం మీద, ఒక్కొక్క కొలతకు, తయారుకాగల తాళాలు సుమారు 32,768కి పడిపోయాయి. కంప్యూటరుకు అది లెక్కలోనిది కాదు, అన్నిటినీ ప్రయత్నించి చూడవచ్చు. 2006 సెప్టెంబరు నుంచి 2008 మే 13న లోపాన్ని ప్రకటించేవరకు డెబియన్‌లోనూ, దాని నుంచి పుట్టిన ఉబుంటు వంటివాటిలోనూ తయారైన తాళాలను ప్రపంచమంతటా పారవేసి మళ్ళీ చేసుకోవలసివచ్చింది.

చేసినవారిది దురుద్దేశం కాదు. నాదీ కాదు. కాని ఒక తేడా ఉన్నది. అక్కడ మూలం భద్రంగా ఉన్నది, ఏ పంక్తి ఎప్పుడు తీశారో రాసి ఉన్నది. కనుక తప్పు దొరికాక దిద్దుకోగలిగారు. మరొక తేడా కూడా చెప్పాలి. ఆ మార్పు ఇరవై నెలలు అందరి కళ్ళముందే ఉన్నా దాన్ని పట్టుకున్నవారు లేరు. రాసిపెట్టడం సగం పని. చదివేవారుండటం మిగతా సగం.

2024లో వచ్చినది ఇంకా విషమమైన పరీక్ష. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణాన్ని ఎగువన ఒకే ఒక్క స్వచ్ఛంద సేవకుడు ఏండ్లతరబడి చూసుకుంటున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు సహాయానికని వచ్చి, రెండేండ్లకు పైగా మంచిపని చేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణలో వాటా పొంది, ఆ తరువాత దొంగదారి ఒకటి చొప్పించారు. అందరూ చూసే మూలంలో లేని పంక్తులు విడుదల చేసిన కట్టలో మాత్రమే చేర్చారు. ప్యాకేజీ కడుతున్నప్పుడే అవి మేలుకొనేలా అమర్చారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన డెబియన్ యంత్రంలో దూరప్రవేశానికి అరసెకను ఆలస్యమవుతున్నదేమిటని తవ్వుకుంటూ పోయి, మార్చి 29న ఆ గుట్టు బయటపెట్టాడు. డెబియన్ స్థిరవిడుదలలోకి అది చేరకముందే ఆగింది. మూలానికీ ప్రతికీ తేడా ఉన్నదేమో సరిపోల్చి చూడటం ఎంత అవసరమో, ఒంటరిగా మోసేవాడికి ఇంకొక భుజం ఎంత అవసరమో ఆ ఒక్క సంఘటన చెబుతున్నది.

మనకూ ఈ పనివారి బాకీ ఉన్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన2000, వేమన2000 ఖతులు డెబియన్ భాండారంలో ఉన్నాయి. ఆచార్యులవారి పేరు మనకు తెలుసు. వాటిని కట్టి, కాలానుగుణంగా సవరిస్తూ, అనాథ కానీయకుండా చూసినవారి పేర్లు ఆ చిట్టాల్లో ఉన్నాయి, తెరచి చదవండి.

నా కైఫీయతు ప్రతి ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉన్నది. ఈమధ్య వెళ్ళినప్పుడు చివర ఒక కాగితం అతికించి వచ్చాను. ‘ఆరు కాపులు’ అన్నచోట మూలంలో ‘అరిగాపులు’ అని ఉండేదనీ, అది దిద్దినది నేనేననీ, నా పేరూ తేదీ వేసి రాశాను. మిగిలిన తప్పులకు ఆధారం లేదు.