పోలీసు కంట్రోల్ రూమ్: కాగితపు చీటీ నుంచి కంప్యూటర్ తెర వరకు

ఆపదలో ఉన్న పౌరుడు ఫోన్ చేసిన క్షణానికీ, పోలీసు వాహనం అతని ముందు ఆగిన క్షణానికీ మధ్య జరిగే పనినే డిస్పాచ్ అంటారు. చాలాకాలం ఇది చీటీల మీదే సాగింది. ఫోన్ ఎత్తిన కానిస్టేబుల్ వివరాలు రాసి అందిస్తే, వైర్‌లెస్ ఆపరేటర్ గోడమీది నగర పటం చూసి సెట్టులో పిలుపు ఇచ్చేవారు. ఏ వాహనం ఎక్కడున్నదో అడిగి తెలుసుకోవలసిందే.

రేడియో కంప్యూటర్ కన్నా ఎంతో ముందు వచ్చింది. అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు 1928లో గస్తీ కార్లకు రేడియో సందేశాలు పంపనారంభించారు. కారులోనివారు వినగలిగేవారే గాని బదులు చెప్పలేకపోయేవారు. రెండువైపులా మాట్లాడే వీలు 1933లో న్యూజెర్సీలోని బయోన్ పట్టణ పోలీసులకు కలిగింది. అయినా ఒక ఛానల్‌పై ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారంతా మౌనం వహించాలి. పండుగ బందోబస్తు వేళ అసలు కబురు ఆ రద్దీలోనే చిక్కుకునేది. 1990లలో ఐరోపాలో రూపొందిన టెట్రా వంటి డిజిటల్ పద్ధతులు ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చాయి. ఖాళీగా ఉన్న ఛానల్‌ను వ్యవస్థే అప్పటికప్పుడు కేటాయిస్తుంది. అత్యవసర బటన్ నొక్కిన కానిస్టేబుల్ పిలుపుకు మొదటి ప్రాధాన్యం లభిస్తుంది.

కంప్యూటర్ చేసే పని వేరు. కాల్ రాగానే ఘటనకు ఒక సంఖ్య ఇస్తుంది. ఒకే ప్రమాదం గురించి పదిమంది ఫోన్ చేస్తే, అవన్నీ ఒకే ఘటనవని గుర్తించడానికి తోడ్పడుతుంది. జీపీఎస్ ఆధారంగా సమీప వాహనాన్ని చూపుతుంది. కాల్ ఎప్పుడు వచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది అన్న సమయాలన్నీ నమోదవుతాయి. ఆలస్యానికి సంజాయిషీ అడగడానికి ఈ నమోదే ఆధారం కనుక, సామాన్యుడికి దీనివల్ల కలిగే పెద్ద మేలు ఇదేనని చెప్పాలి. ఇక సమీప వాహనం పొరుగు స్టేషన్‌దైతే, ‘అది మా పరిధి కాదు’ అనే మాటకు తావులేకుండా చూడవలసింది అధికారులే.

యంత్రానికి తప్పుడు సమాచారం అందితే ఏమవుతుందో లండన్ అంబులెన్స్ సర్వీసు చవిచూసింది. 1992 అక్టోబరు 26న అక్కడ కొత్త డిస్పాచ్ విధానం ప్రారంభమైంది. వాహనాల స్థానాలు, వాటి స్థితిగతులు సరిగా నమోదు కాక, ఒకే కాల్‌కు రెండు బండ్లు వెళ్లడం, కొన్నింటికి అసలు వెళ్లకపోవడం జరిగింది. నవంబరు 4న వ్యవస్థ పూర్తిగా నిలిచిపోయి, సిబ్బంది మళ్లీ కాగితం పట్టారు.

మన దేశంలో పోలీసుకు 100, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 అంటూ వేర్వేరు సంఖ్యలు ఉండేవి. అన్నింటికీ కలిపి 112 ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో సిఫారసు చేసింది. నిర్భయ నిధితో చేపట్టిన ఈ సేవ 2018 నవంబరు 28న మొదట హిమాచల్ ప్రదేశ్‌లో ఆరంభమై, క్రమంగా ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ఒకే కేంద్రం నుంచి వాహనాలను పంపే పద్ధతి తెలుగువారికి అప్పటికే పరిచితం. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది.

మొబైల్ టవర్‌ను బట్టి తెలిసే స్థానం కొన్ని వందల మీటర్ల తేడా చూపవచ్చు. ఇరుకు సందుల బస్తీలో అది చాలా దూరం. అందుకే తెరపై గుర్తు కనిపిస్తున్నా, ఫోన్ ఎత్తినవారు ‘దగ్గరలో గుడి గానీ, మసీదు గానీ, బస్టాపు గానీ ఉందా?’ అని అడుగుతూనే ఉంటారు.