సావుకారి కొట్టు

రాయగడ, కోరాపుట్ పల్లెల్లో పాత కిరాణా కొట్టుని ఇప్పటికీ పెద్దవాళ్లు సావుకారి కొట్టు అనే అంటారు. 1936 ఏప్రిల్ 1 వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. అందుకే ఇక్కడ కొట్టు పెట్టినవాళ్లలో తెలుగు వర్తకులు చాలామంది.

కొండల్లో చింతపండు, పసుపు, వలిసెలు అన్నీ దొరుకుతాయి, ఉప్పు దొరకదు. సముద్రం ఒడ్డు నుంచి ఎడ్ల మీద రావాలి. 1931లో పార్వతీపురం–రాయపూర్ రైలుదారి పూర్తయ్యాక సరుకు రాక సులువైంది. కోదు రైతులు పంట తెచ్చి పోసి ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు పట్టుకెళ్లేవారు. కొలత మానికతో, అడ్డతో. కొలిచే చెయ్యి మాత్రం సావుకారిదే. అప్పు పుస్తకంలో రాతా ఆయనదే, రైతుకి చదువు రాదు. బాకీ పెరిగి భూములు చేతులు మారాయి.

1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి ఒక చట్టం చేసింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, అనుమతి లేకుండా గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదు. ఒడిశా 1956లో మళ్లీ భూమి నిబంధన తేవాల్సి వచ్చిందంటే మొదటిది ఎంతవరకు పనిచేసిందో మీరే చూడండి.

మా తాతగారూ కొట్టు మీద కూర్చున్నవారే. "కరువులో గింజలు అప్పిచ్చింది ఎవరు మరి?" అంటారు. అదీ నిజమే. తిరిగి ఎంత కొలిపించుకునేవారని అడిగితే, "వెళ్లి చదువుకో" అన్నారు.