నెల తిరగకముందే

పాత సినిమాల్లో చూపులేని అమ్మాయి ఉందంటే చివరి రీలులో ఏమవుతుందో మనందరికీ తెలుసు. పట్నం నుంచి పెద్ద డాక్టరు వస్తాడు. ఆపరేషన్ అవుతుంది. కళ్లకు కట్టిన గుడ్డ ఒక్కో చుట్టూ విప్పుతూ "ముందు ఎవర్ని చూడాలనుందమ్మా?" అని అడుగుతారు. హాల్లో ఆడవాళ్లందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. నాకూ ఆ సీన్లంటే ఇష్టమే. కానీ ఇవాళ నేను రాయబోయే చూపుపోవడానికి అలాంటి చివరి రీలు లేదు. చేయగలిగిందంతా మొదటి రీలులోనే, బిడ్డ పుట్టిన మొదటి నెలలోనే చేయాలి.

దీని కథ వెతుక్కుంటూ వెళ్తే సినిమావాళ్ల దగ్గరికే రావడం నాకు ఆశ్చర్యమనిపించింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కేబీఆర్ పార్కు పక్కగా బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో దిగండి. అన్నపూర్ణ స్టూడియో ఆ దారిలోనే, ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి కూడా ఆ దారిలోనే. ఆటోవాళ్లు "ఎల్వీ ప్రసాదా?" అంటారు. ఆ పేరు ఒక సినిమా దర్శకుడిదని ఈ కాలం పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఏలూరు దగ్గర పల్లెటూళ్లో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు సినిమాల పిచ్చితో బొంబాయి చేరి, చిల్లర పనులతో మొదలుపెట్టాడు. హిందీ మొదటి టాకీ 'ఆలంఆరా'లో, తమిళ మొదటి టాకీ 'కాళిదాస్'లో, మన 'భక్త ప్రహ్లాద'లో, మూడింట్లోనూ నటించాడు. 1949లో 'మన దేశం' తీసి ఎన్.టి.రామారావుని తెరకు పరిచయం చేసింది ఆయనే. 'మిస్సమ్మ' తీసిందీ ఆయనే. ఆ కుటుంబం హైదరాబాదులో అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే, అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. డబ్బు కట్టలేనివాళ్లకి అక్కడ ఉచితంగా చూస్తారు.

కంటి ఆస్పత్రికీ పురుటి సంగతులకీ ఏమిటి సంబంధం అంటారా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఉంది.

మా అత్తయ్యగారు ఇప్పటికీ "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అంటారు. మీ ఇళ్లలోనూ విని ఉంటారు. నిజం దీనికి తిరగబడి ఉంటుంది. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకి బలమే. ఊపిరితిత్తుల సంగతి మనకి కాస్తో కూస్తో తెలుసు, కళ్ల సంగతే తెలియదు. గర్భంలో 16వ వారం దగ్గర కంటి వెనకపొరలో, అంటే రెటీనాలో, రక్తనాళాలు పుడతాయి. పందిరి గుంజ దగ్గర నాటిన సొరపాదు నలువైపులా పాకినట్టు అవి మధ్యనుంచి అంచులకి పాకుతాయి. పూర్తిగా అంచు చేరేసరికి తొమ్మిది నెలలూ నిండుతాయి. ఏడో నెలలోనే బిడ్డ బయటికొస్తే పందిరి సగమే అల్లుకుని ఉంటుంది.

ఊపిరందని ఆ బిడ్డకి ఆక్సిజన్ పెడతారు, పెట్టాలి కూడా. అది ఎక్కువైతే తీగ పాకడం ఆగిపోతుంది. కొన్ని వారాలయ్యాక, రక్తం అందని రెటీనా భాగం ఆకలితో కేకపెడుతుంది. అప్పుడు కొత్త నాళాలు పిచ్చిగా, ఉండకూడని చోట పుట్టుకొస్తాయి. అవి మచ్చలుగా ముడుచుకుని రెటీనాని లాగేస్తాయి. పొర ఊడిపోయిందంటే చూపు పోయినట్టే. ఇదంతా జరుగుతున్నప్పుడు పైకి ఏమీ కనిపించదు. బిడ్డ పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. కంట్లో తెల్లటి మెరుపు అమ్మ కంటపడేసరికి నెలలు గడిచిపోయి ఉంటాయి.

దీన్ని మొదట గుర్తించి రాసింది 1942లో, బోస్టన్‌లో, థియోడర్ టెర్రీ అనే కంటి డాక్టరు. ఆ తర్వాత పదేళ్లు ఇది ఎందుకొస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. విటమిన్లన్నారు, వెలుతురన్నారు, పాలన్నారు. ఒక్క విషయం మాత్రం వింతగా ఉండేది. బీద ఆస్పత్రుల్లో తక్కువ, మంచి మంచి పరికరాలున్న గొప్ప ఆస్పత్రుల్లో ఎక్కువ! 1951లో మెల్బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరమ్మ ఆ తేడానే పట్టుకుంది. ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన చోట నూటికి 19 మంది పిల్లలకి ఈ జబ్బు, ఖర్చుకి వెనకాడి పొదుపుగా వాడిన చోట నూటికి 7గురికే. నాకైతే ఆవిడ చూపు మన ఇల్లాళ్ల చూపులా అనిపిస్తుంది. ఏ ఇంట్లో ఏది ఎక్కువ వాడుతున్నారో చూసి లెక్క తేల్చింది.

అమెరికాలో ఆర్నాల్ పాట్జ్ అనే కుర్ర డాక్టరు దీన్ని పరీక్షించి తేల్చాలనుకున్నాడు. కొందరు పిల్లలకి ఎక్కువ ఆక్సిజన్, కొందరికి అవసరమైనంతే. రాత్రి డ్యూటీ నర్సులకి ఇది ఘోరమనిపించింది. డాక్టరు ఇంటికెళ్లగానే తక్కువ ఇస్తున్న పిల్లలకి కూడా ఆక్సిజన్ పెంచేసేవారట. వాళ్లని తప్పు పట్టగలమా? నీలిరంగు తిరుగుతున్న పసిగుడ్డు పక్కన రాత్రంతా కూర్చునేది వాళ్లు. 1953, 54లలో 18 ఆస్పత్రులు కలిసి చేసిన పరిశోధనతో సంగతి తేలిపోయింది. తప్పంతా అతిగా ఇచ్చిన ఆక్సిజన్‌దే. అప్పటికే ప్రపంచంలో సుమారు 10,000 మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. ఆరు వారాలు ముందుగా 1950లో పుట్టిన పాటగాడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకడు. 1956లో ఈ పనికి పాట్జ్‌కి, పెద్ద పరిశోధనకి నాయకత్వం వహించిన కిన్సీకి లాస్కర్ బహుమతి ఇచ్చారు. అందించింది హెలెన్ కెల్లర్.

కథ అక్కడితో శుభం అయిపోలేదు. భయపడి అందరూ ఆక్సిజన్ ఒక్కసారిగా కోసేశారు. గుడ్డితనం తగ్గింది, చావులు పెరిగాయి. చూపు దక్కిన ఒక్కో బిడ్డకి 16 మంది చనిపోయి ఉంటారని 1973లో ఒక డాక్టరు లెక్కకట్టాడు. ఆ అంకె చదివాక చాలాసేపు నాకు పని తోచలేదు. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉంటే ప్రాణమూ చూపూ రెండూ దక్కుతాయనే పరిశోధన 2010 తర్వాత కూడా సాగుతూనే ఉంది. ఇప్పుడు సుమారు 91 నుంచి 95 శాతం మధ్య ఉంచమంటున్నారు. అంత జాగ్రత్తగా పట్టి ఉంచాలంటే నిమిషనిమిషం కొలిచే ఆక్సిమీటరు, గాలీ ఆక్సిజన్ కలిపి ఇచ్చే పరికరం కావాలి.

మన దగ్గర చాలాకాలం ఈ జబ్బు ఊసే లేదు. కారణం సంతోషించేది కాదు. అంత చిన్న పిల్లలు మన దగ్గర బతికేవాళ్లే కాదు. పుట్టిన పిల్లల్ని చూసే ఐసీయూలు పట్టణాల్లో వచ్చాక పిల్లలు బతకడం మొదలుపెట్టారు, ఈ జబ్బూ వచ్చింది. 1990ల చివర్లో ఎల్.వి.ప్రసాద్ ఆస్పత్రిలో డాక్టర్ సుభద్రా జలాలి బృందం హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలకి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. తల్లులు తీసుకొస్తారని కూర్చోకుండా, పిల్లలున్న ఐసీయూలకే పరికరాలు పట్టుకుని వెళ్లడం. వాళ్లు గమనించిన ముఖ్యమైన సంగతి ఇది. అమెరికాలో కిలోన్నరకి తక్కువ పిల్లలకి పరీక్ష చేస్తే దాదాపు సరిపోతుంది. మన దగ్గర అంతకన్నా బరువున్న పిల్లలకి కూడా జబ్బు ముదురుతోంది. ఆ కొలత ఇక్కడ వాడితే కొందరు జారిపోతారు. ఇప్పుడు మన దేశంలో 34 వారాలకి ముందు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువున్నా పరీక్ష చేయాలనేది నియమం. ఆ తర్వాత పుట్టినా బాగా జబ్బుపడి ఆక్సిజన్ మీద ఉన్న పిల్లలకీ చేయాలి.

ఆ బృందం ప్రచారానికి పెట్టుకున్న మాట హిందీలో 'తీస్ దిన్ రోష్నీ కే', వెలుగు కోసం ముప్ఫై రోజులు. పుట్టిన 30 రోజుల్లోపు మొదటి పరీక్ష అయిపోవాలి. 28 వారాలకి ముందు పుట్టినవాళ్లకి, 1,200 గ్రాముల లోపు వాళ్లకి రెండుమూడు వారాలకే చేయాలి.

ఇక్కడే మన పెద్దవాళ్లతో పేచీ వస్తుంది. నెల తిరగకుండా బాలింతనీ బిడ్డనీ గడప దాటనివ్వరు కదా. ఆ ఆచారాన్ని నేను తీసిపారేయను. పదిమంది చేతులు మారకుండా, జబ్బులు అంటకుండా పసివాళ్లని కాపాడింది అదే. బాలింతకి కాస్త నడుం వాల్చే వీలు దొరికిందీ దానివల్లే. కానీ నెలలు తక్కువ బిడ్డ విషయంలో, ఆచారం వద్దన్న ఆ నెలే డాక్టరు రమ్మన్న నెల. "బారసాల అయ్యాక చూపిద్దాంలే, ఇప్పుడిప్పుడే ఒళ్లు చేస్తోంది" అనే మాట ప్రేమగానే అంటారు. అలా అన్న అమ్మమ్మకి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఆస్పత్రివాళ్లే చెప్పకపోతే? 1996లో చెన్నైలో ఒక ప్రభుత్వాసుపత్రిలో 29 వారాలకి, 1,250 గ్రాములతో ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంక్యుబేటర్లో ఉంచి బతికించి పంపారు. కళ్లు చూపించమని ఎవరూ చెప్పలేదు. నాలుగున్నర నెలలప్పుడు తండ్రి గమనించేసరికి అంతా అయిపోయింది. ఆయన కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2015లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే సుమారు కోటీ ఎనభై లక్షల పరిహారం ఇమ్మని తీర్పొచ్చింది. అప్పటికి ఆ పాపకి పద్దెనిమిదేళ్లు.

2020లో మన దేశంలో 30 లక్షల మందికి పైగా పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. ప్రపంచంలో ఏ దేశంలోనూ అంతమంది లేరు. తల్లికి బీపీ పెరగడం, ఉమ్మనీరు ముందే పోవడం, కవలలు, ఇన్ఫెక్షన్లు, కారణాలు చాలా. అసలు కారణమే దొరకనివీ ఎన్నో. ఆపలేకపోయినా చేయగలిగింది ఒకటుంది. నెలలు నిండకుండా నొప్పులొస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడతాయని 1972లోనే న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ చూపించారు. ఊపిరి బాగుంటే ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, కళ్లకీ అంత మంచిది. మన దగ్గర ఆస్పత్రికి పంపేముందు మొదటి డోసు ఏఎన్ఎం ఇవ్వడానికి కూడా 2014 నుంచి అనుమతి ఉంది.

పరీక్ష కూడా పెద్దదేమీ కాదు. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, చిన్న క్లిప్పుతో రెప్పలు తెరిచి ఉంచి, తలకి లైటు కట్టుకున్న డాక్టరు కొద్ది నిమిషాలు చూస్తారు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది, తల్లి ప్రాణం విలవిల్లాడుతుంది. ఒక్కసారితో అయిపోదు. తీగ అంచు చేరేదాకా వారానికో, రెండు వారాలకో మళ్లీ రమ్మంటారు. అవసరమైతే రక్తం అందని భాగం మీద లేజర్ వేస్తారు. వేసే సమయానికి వేస్తే చాలామందికి చూపు నిలుస్తుంది. మొదటి పరీక్ష బాగుందన్నారని రెండోదానికి వెళ్లకపోతే మొదటిది చేసీ లాభం లేదు.

డిశ్చార్జి కాగితం మీద బిడ్డ బరువు, పుట్టిన వారాలు, ఇచ్చిన మందులు అన్నీ ఉంటాయి. కంటి పరీక్ష తేదీ ఉందో లేదో అక్కడే కౌంటర్ దగ్గర చూసుకోండి. లేకపోతే రాయించుకున్నాకే ఆటో పిలవండి.