గడ్డం ఎవరు గీయాలి?

మా ఆఫీసు కుర్రాళ్ళకి కొత్త పిచ్చి పట్టుకుంది. బ్రష్షు, గిన్నెలో సబ్బు నురగ, రెండంచుల బ్లేడు పెట్టే ఇనప రేజరు. దానికి ‘వెట్ షేవింగ్’ అని ఒక పేరు. మన నాన్నలు పెరట్లో అద్దం గోడకి తగిలించి రోజూ చేసిన పనే ఇది, కాకపోతే అప్పుడు దానికి ఇంగ్లీషు పేరు లేదు. ఏ బ్లేడు కొనాలో ఆఖర్న చెప్తాను. ముందు, ఆ పెరట్లోకి బ్లేడు ఎలా వచ్చిందో చూద్దాం.

మొదలంతా అమెరికాలో. కింగ్ జిలెట్ అనే సేల్స్‌మాన్‌కి పల్చటి ఉక్కురేకుతో వాడి పారేసే బ్లేడు చెయ్యాలని ఆలోచన వచ్చింది. అంత పల్చటి ఉక్కుకి పదును నిలవదని తెలిసినవాళ్ళందరూ చెప్పారు. దాన్ని సాధించింది నికర్సన్ అనే ఇంజనీరు, పేరు మాత్రం జిలెట్‌కి దక్కింది. (మనకి అలవాటైన కథే!) మొదటి ఏడు, 1903లో, అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంటు వచ్చింది, తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైన్యం లక్షల్లో రేజర్లు కొంది.

“రేజరు ఊరికే ఇచ్చి బ్లేళ్ళ మీద సంపాదించు, జిలెట్ చేసింది అదే” అని మీటింగుల్లో మేనేజర్లు చెప్తుంటారు కదా, అది నిజం కాదు. పేటెంటు చేతిలో ఉన్నన్నాళ్ళూ రేజరు సెట్టు 5 డాలర్లు, ఆ రోజులకి అది చాలా డబ్బు. 1921లో పేటెంట్ల గడువు తీరి, ఎవరైనా బ్లేళ్ళు చేసుకోవచ్చు అన్నాకే ధర దిగింది. రాండల్ పికర్ అనే లా ప్రొఫెసరు 2010లో ఈ లెక్కలన్నీ తీసి ఒక పేపరు రాశాడు. మీ మేనేజరుకి ఫార్వర్డ్ చెయ్యమని మాత్రం నేను చెప్పను.

ఇక మన వైపు. వీర్నపల్లి లాంటి ఊరు తీసుకోండి. ఇప్పుడది రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక మండలం, 2016 ముందు కరీంనగర్ జిల్లా. ఇలాంటి ఊళ్ళలో గడ్డం అనేది ఎవరికి వారు గీసుకునేది కాదు. మంగలి పొది పట్టుకుని ఇంటికొస్తాడు. (ఇప్పుడు నాయీ బ్రాహ్మణులు అని రాయాలి, రాస్తాం. ఊరు అప్పుడు పిలిచిన పేరు మాత్రం అదే.) పొదిలో మంగలకత్తి, సానరాయి, పటిక. డబ్బులు ఉండవు, పంట వచ్చినప్పుడు కల్లం కాడ గింజలు కొలుస్తారు. పెళ్ళికి డోలు, సన్నాయి కూడా ఆయనవే. దొర ఇంట్లో అయితే ఆ గింజలు కూడా లేవు, వెట్టి. గడ్డం గియ్యాలి, ఒళ్ళు పట్టాలి, పిలిచినప్పుడల్లా పోవాలి.

ఈ కత్తి ఎంత బలమైనదో 1978లో తెలిసింది. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు వెట్టి పోవాలని, కూలి పెంచాలని, కాజేసిన భూములు వదలాలని, వసూలు చేసిన దండుగలు తిరిగివ్వాలని అడిగాయి. ఆ సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మాట వినని దొరలకి ఊళ్ళు వేసిన శిక్ష సాంఘిక బహిష్కరణ. పాలేరు పనికి పోడు, చాకలి బట్టలు ఉతకడు, మంగలి గడ్డం గియ్యడు. తుపాకీ అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు. తరతరాలుగా గడ్డం చాపి కూర్చున్న మనిషి తన గడ్డం తనే గీసుకోవాలి, అంతే. అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలనీ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చాలామంది దొరలు పట్నాలకి వెళ్ళిపోయారు. చరిత్ర పుస్తకాల్లో భూమి గురించి పేజీలు పేజీలు ఉంటాయి, ఈ గడ్డం సంగతి ఒక లైనులో వెళ్ళిపోతుంది. నాకు మాత్రం ఆ లైను దగ్గరే ఆగాలనిపిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే కత్తి దళితుల ఇంటికి వెళ్ళేది కాదు. సేవ నిరాకరించడం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. అయినా 2001-02లో 11 రాష్ట్రాల్లో, మన రాష్ట్రంతో సహా, 565 ఊళ్ళు తిరిగి చూస్తే దాదాపు సగం ఊళ్ళలో దళితులకి మంగలి సేవ అందట్లేదని తేలింది. మంగలిని ఒక్కడినే తిట్టి లాభం లేదు, వాళ్ళకి గీస్తే మాకు గియ్యొద్దని మిగతా ఊరు అనేది. అలాంటి చోట ఒక రేజరూ, టోపాజ్ బ్లేళ్ళ ప్యాకెట్టూ, చేతద్దమూ అంటే ఎవరినీ అడగక్కర్లేదని అర్థం. జిలెట్ ఇది ఊహించి ఉండడు.

టోపాజ్ మల్హోత్రాలది, చాలాకాలం మన మార్కెట్టు వాళ్ళదే. జిలెట్ ఇక్కడ 1984లో ఇండియన్ షేవింగ్ ప్రొడక్ట్స్ పేరుతో దిగింది, బ్లేడు పేరు ‘సెవెనో క్లాక్’. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి మనుషులు గల్ఫ్‌కి పోవడం మొదలయ్యాక పెట్టెల్లో సెంటు సీసాలతో పాటు షేవింగ్ సామాను కూడా వచ్చేది.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. మనకోసమని జిలెట్ 2002లో ‘వెక్టర్’ అనే రేజరు తెచ్చింది. టెస్టింగ్ ఎవరి మీద చేశారంటే, అమెరికాలో ఎంఐటీలో చదువుకుంటున్న మన పిల్లల మీద! అందరికీ నచ్చింది. ఇక్కడ మాత్రం ఫెయిల్. ఎందుకంటే ఎంఐటీలో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ఇక్కడ చాలామంది ఒక చెంబు నీళ్ళతో గీసుకుంటారు, బ్లేళ్ళ మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు బయటికి రావు. తర్వాత వాళ్ళ టీము మన ఇళ్ళకొచ్చి కూర్చుని చూసి 2010లో ‘గార్డ్’ తెచ్చింది: ఒకటే బ్లేడు, రేజరు 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. క్లయింటుని చూడకుండా రిక్వైర్‌మెంట్లు రాసేవాళ్ళకి ఇంతకంటే చెప్పేదేముంది.

సరే, బ్లేడు. రెండంచుల బ్లేడు మధ్యలో ఆ వంకర సందు చూశారు కదా. 1930 ప్రాంతంలో జిలెట్‌కీ, గైస్‌మన్ అనే పోటీదారుకీ పేటెంటు గొడవ వచ్చి, చివరికి రెండు కంపెనీలూ కలిసిపోయినప్పుడు మిగిలిన ఆకారం అది. అందువల్లే ఇవాళ ఏ కంపెనీ బ్లేడైనా ఏ రేజరుకైనా సరిపోతుంది. కాబట్టి రేజరు మీద డబ్బులు తగలెయ్యకండి. మెత్తగా గీసేది ఒకటి తీసుకుని, నాలుగైదు రకాల బ్లేళ్ళు ఒక్కో ప్యాకెట్టు కొనండి. జపాన్ ఫెదర్ అందరూ పొగుడుతారు గానీ మహా పదును, మొదట్లోనే వద్దు. సెవెనో క్లాక్ లాంటి వాటితో మొదలెట్టండి. రేజరు, సబ్బు మార్చకుండా బ్లేడు ఒక్కటే మార్చి చూడండి, లేకపోతే మంట దేనివల్లో తెలీదు. వేణ్ణీళ్ళతో గడ్డం నాననివ్వాలి, సుమారు 30 డిగ్రీల వాలు, వెంట్రుక పెరిగే దిక్కుకే గీత, చెయ్యి అసలు నొక్కకూడదు.

నాలుగైదు సార్లు వాడి పారెయ్యండి. వెంట్రుక ఉక్కు కంటే 50 రెట్లు మెత్తన, అయినా బ్లేడు పాడవుతుంది. అంచు అరిగిపోయి కాదు. వెంట్రుక ఒక వాలులో వంగి తగిలినప్పుడు అంచులో సన్నటి పెచ్చులు లేస్తాయని ఎంఐటీ వాళ్ళు 2020లో మైక్రోస్కోపు కింద చూపించారు.

చెయ్యి కుదరకపోతే సెలూన్ ఉండనే ఉంది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సెలూన్లకి నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం చేశారు, గింజల రోజులు పోయాయి. ఎయిడ్స్ భయం వచ్చాక మంగలకత్తి కూడా చాలావరకు పోయింది. ఇప్పుడు కొత్త బ్లేడుని కాగితంలో ఉండగానే రెండుగా విరిచి, సగం మీ గడ్డానికి పెడతారు. మిగతా సగం మీ వెనక కూర్చున్నాయనకి.