కవి పిలుపు – శ్రోత మనస్సు

అలంకారము కావ్యమునకు నగవంటిదని పెద్దలు చెప్పుదురు. పోలిక అందమైనదే, కాని నగను తీసివేసినను మనిషికి లోటు లేదు. మంచి కవి పన్నిన ఉపాయమును తీసివేసినచో పద్యము మన హృదయమును చేరు దారియే మూసికొనిపోవును. ఆ దారులలో ముఖ్యమైనది ఒకటి కలదు: కవి ఎవరిని పిలుచుచున్నాడు, ఎవరు వినవలెనని పిలుచుచున్నాడు అనునది. దీనిని తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల పరిసరములలోనే వేయి యేండ్లకు పైబడిన నిదర్శనములు కలవు. ఈ మూడు పట్టణములును ఒకప్పుడు కరీంనగరము జిల్లాలోనివి. 2016లో జిల్లాలను విభజించినప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలో చేరినవి. సిరిసిల్ల, వేములవాడ రాజన్న పేరును కలుపుకొని వేరొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

ఆ వేములవాడ పూర్వము చాళుక్యులలో ఒక శాఖవారికి రాజధాని. క్రీ.శ. 10వ శతాబ్దిలో రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి యుండెను. ఆయన 941 ప్రాంతమున కన్నడ భాషలో విక్రమార్జున విజయమును రచించెను. పంపభారతమని దానికి మరియొక పేరు. కథ మహాభారతము, నాయకుడు అర్జునుడు. కాని ఆ అర్జునుడే తన ప్రభువైన అరికేసరియని కవి భావన. అర్జునుని పరాక్రమమును, ఏలిక బిరుదములను పడుగు పేకలవలె కలిపి నేసినాడు. సభలో కూర్చుండి కావ్యము వినుచున్న రాజు తన కథనే తాను వినుచుండెనన్నమాట.

ముఖము మీద పొగడినచో అది ముఖస్తుతి యగును. కథలో పొదిగి పొగడినచో ఆదర్శమగును. 'నీవు అర్జునుడవు' అనుటలో 'అర్జునునివలె నడచుకొనుము' అను హితవు ఇమిడియున్నది. అయితే ఈ ఉపాయమునకు కవి మూల్యము కూడ చెల్లించినాడు. నాయకుని రాజుతో ఏకము చేయుటకై కథను మార్చవలసివచ్చినది. పంపభారతమున ద్రౌపది అర్జునునికి మాత్రమే భార్య. యుద్ధానంతరము పట్టాభిషేకము జరిగినది ధర్మరాజునకు కాదు, అర్జునునికి; ప్రక్కన కూర్చున్నది సుభద్ర. వినువానిని మెప్పించుటకై కథ ఎంతవరకు వంగవచ్చును? ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు.

పంపని తమ్ముడు జినవల్లభుడు మరియొక దారి పట్టినాడు. కరీంనగరము నుండి జగిత్యాలకు పోవు దారిలో గంగాధర కలదు. దాని సమీపమున కురిక్యాల గ్రామపు బొమ్మలగుట్ట మీద, జైనశిల్పములను మలచిన చోట, 945 ప్రాంతమున ఆయన ఒక శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. తెలుగు భాగము మూడు కందపద్యములు. తెలుగు ప్రాచీనతకు సాక్ష్యములుగా పండితులు చూపువానిలో ఇది యొకటి. మూడు భాషలనగా మూడు విధములైన శ్రోతలని మనము ఊహింపవచ్చును. రాజసభకు ఒక భాష, పండితులకు ఒక భాష, గుట్ట దిగువన నాగలి పట్టువానికి ఒక భాష. కందము చిన్న పద్యము. నాలుగు పాదములలోను రెండవ అక్షరము ఒక్కటే యగుటచే చెవికి పట్టు దొరకును. చదువు వచ్చినవాడు ఒకడు చదివినచో పదిమంది విని ఇంటికి తీసికొనిపోగలరు.

ఈ సీమయందు ఈ విద్యను పామరుల గుండెలోనికి తెచ్చినవాడు ధర్మపురి శేషప్ప కవి. జగిత్యాలకు ఉత్తరమున గోదావరి ఒడ్డున నున్న ధర్మపురిలో వెలసిన నరసింహస్వామిని సంబోధించి ఆయన నరసింహ శతకమును చెప్పెను. గణయతిప్రాసల శాస్త్రము తనకు తెలియదని ఆదిలోనే చెప్పుకొన్నాడు. ఇది వినయమే కాదు, ఉపాయము కూడ. 'నేను మీలో ఒకడను' అని చెప్పిన కవికి శ్రోత వెంటనే చోటు ఇచ్చును.

సీసపద్యపు నడకను గమనింపుడు. నాలుగు దీర్ఘపాదములు, ఒక్కొక్కటి రెండుగా విరుగును. కనుక ఎనిమిది తుంపులు. ఆ పిదప తేటగీతి నాలుగు పాదములు. శేషప్ప కవి ఆ నాలుగింటిలో కడపటి రెండింటిని మకుటమునకు ఇచ్చివేసినాడు. స్వామి శోభను, ధర్మపుర నివాసమును, దుష్టసంహారమును, పాపహరణమును స్మరించు సంబోధన అది. అనగా చెప్పదలచినదంతయు ఎనిమిది తుంపులలో పేర్చి, మిగిలిన రెండు చిన్న పాదములలో తేల్చవలెను. ఒక పద్యమున ఆయన తాను నారదుడను కానని, శబరిని కానని, మహాభక్తుల నొక్కొక్కరినే పేర్కొని వారివంటి సేవ తనకు చేతకాదనును. రెండు తుంపులు విన్న శ్రోతకు మూడవది ఎట్లు నడచునో తెలిసిపోవును. తెలిసినది వచ్చినందుకు సంతోషించును. మకుటము వచ్చునప్పటికి ఇంటిల్లిపాదియు కలిసి పలుకుదురు. విన్నవాడు అప్పటికి పాడువాడైనాడు.

ఇక అసలు మర్మము చూడుడు. తల్లి కడుపున పుట్టినప్పుడు ఎవడును ధనము తేలేదని, లక్షాధికారియైనను తినునది ఉప్పుతో కూడిన అన్నమే గాని బంగారము కాదని, దాచిన సొమ్ము జుంటీగల తేనెవలె తెరువరుల పాలగునని కవి మొరపెట్టుకొన్నాడు. ఎవరితో? నరసింహునితో. స్వామికి ఆ సంగతులు తెలియవా? గుడి మండపమున స్తంభమునకు ఆనుకొని కూర్చున్న ధనవంతుని చెవిన పడుటకే ఆ మొర. అత్త కూతురితో చెప్పుచున్నట్లు కోడలికి వినిపించు నేర్పు వంటిది ఇది. నేరుగా మందలించినచో ఆ ధనవంతునికి కోపము వచ్చును. దేవునికి చెప్పుకొన్న మాట మీద కోపగించుటకు వీలు లేదు. పంపకవి రాజును పిలిచి రాజుకే చెప్పినాడు; శేషప్ప దేవుని పిలిచి మనుష్యునికి చెప్పినాడు.

కాగితము మీదికి ఎక్కని వాఙ్మయమునను ఇదే కౌశలము కలదు. ఈ పల్లెలలో మల్లన్న, బీరప్ప కథలు చెప్పు ఒగ్గువారిని విన్నవారికి తెలియును. ప్రధాన కథకుడు ఒక మాట అనగానే ప్రక్కవాడు 'ఆ పిమ్మట ఏమైనది?' అని అడుగును. అది మన మనస్సులోని ప్రశ్నయే. ఈ కళలో పేరుపొందిన మిద్దె రాములుది వేములవాడ చేరువలోని హనుమాజీపేట.

అదే హనుమాజీపేటలో 1931లో సి. నారాయణరెడ్డి జన్మించెను. బాల్యమున బడి చదువు ఉర్దూలో; చెవికి సోకినవి హరికథలు, పల్లెపాటలు. 1980లో ఆయన విశ్వంభర కావ్యమును వెలువరించెను. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనకు లభించెను. ఆ కావ్యమున నాయకుడు మానవుడు, రంగస్థలము భూమి. వ్యక్తుల పేర్లు లేవు. వేయి యేండ్ల క్రిందట ఆ ప్రక్కనే పంపకవి తన నాయకునికి రాజు పోలిక తొడిగెను. నారాయణరెడ్డి నాయకుని పేరునే తొలగించెను. పేరు లేని చోట ఎవరైనను నిలువవచ్చును. చదువరి తానే ఆ మానవుడనని తలచును. మొదటిది ఒక్కనికి మాత్రమే వేసిన సింహాసనము, రెండవది అందరికిని పరచిన చాప.

జగిత్యాల వాసి అలిశెట్టి ప్రభాకర్ వృత్తిచే ఛాయాచిత్రకారుడు. 1993లో చిన్న వయస్సుననే కన్నుమూసెను. ఆయన మినీకవితలు కొన్ని పంక్తులలో ముగియును. నగరజీవితపు దృశ్యమొకటి చూపి, కడపటి మాటలో దానిని తిరుగవేసి, చూచువానినే దోషిగా నిలబెట్టుట ఆయన పద్ధతి. శేషప్ప మకుటము మనలను లోనికి పిలుచుకొనును; ప్రభాకర్ చివరి మాట మనలను బయట నిలిపి ప్రశ్నించును.

ఇట్లు ఒకే సీమలోని కవులు ఒకే విద్యను పలు పనులకు వాడినారు. దానితో ఏలికను సంతోషపెట్టవచ్చును, లోభిని సిగ్గుపరుపవచ్చును, సామాన్యుని పెద్దచేయవచ్చును. కత్తి కూరలు తరుగునో కుత్తుకలు కోయునో పట్టిన చేతిని బట్టి యుండును. కాబట్టి వినువానికిని ఒక బాధ్యత కలదు. రేడియో పుణ్యమా అని మనము మరల చెవితో వినువారమైతిమి. పాటయో, ప్రసంగమో, ప్రకటనయో మనస్సును లాగినప్పుడు దానిని ఆనందింతము. పిమ్మట ఒక్క క్షణమాగి, ఇతడు పిలిచినది ఎవరిని, వినవలెనని కోరినది ఎవరు, ఈ మాట నమ్మినచో లాభము ఎవరికి అని అడుగుదము. ఆ మూడు ప్రశ్నలకు నిలిచిన మాటయే మన పిల్లలకు కంఠస్థము చేయించదగినది.